కాలికేమైందో అడగకుండా చెప్పే సలహాలు: పులికాట్ ఒడ్డున తరచూ వినిపించేవి

పులికాట్ సరస్సు చుట్టుపక్కల ఊళ్లలో బతుకుతెరువంతా కాళ్ల మీదే ఆధారపడి ఉంటుంది. భీములవారిపాళెం రేవులో మోకాటి లోతు బురదలో పడవను తోసే మగవాళ్లు, ఉప్పునీళ్లలో గంటల తరబడి వంగి చేత్తో తడిమి రొయ్యలు పట్టే యానాది ఆడవాళ్లు, తెల్లారకముందే బస్సెక్కి శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టంతా నిలబడే అమ్మాయిలు, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సూళ్లూరుపేట, తడ సందుల్లో తిరిగే అత్తలు. కాలు మూలన పడితే వీళ్లలో ఏ ఇంటికీ ఆ రోజు రాబడి ఉండదు. అందుకే ఎవరు కుంటుతూ కనబడినా ఊరంతా నిలబెట్టి సలహా చెబుతుంది. ప్రేమతోనే చెబుతుంది. నీవితే పోద్ది అంటుంది, కాపడం పెట్టమంటుంది, పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమంటుంది, మెత్తటి చెప్పులు కొనుక్కోమంటుంది, కదలకుండా పడుకోమంటుంది.

ఈ సలహాల్లో చాలావాటికి ఒక పుట్టుక ఉంది. ఎవరో ఒకరి కాలికి, ఏదో ఒక జబ్బుకు అవి నిజంగానే పనిచేశాయి. అలా పనిచేసిన దాన్ని తెచ్చి, ఏమైందో చూడకుండా ఇంకొకరి కాలికి అంటగట్టినప్పుడే ముప్పు వస్తుంది. వేడి ఒక కాలిని ఊరడిస్తుంది, ఇంకో కాలిని కాల్చేస్తుంది. విశ్రాంతి ఒకరిని నడిపిస్తుంది, మరొకరిని మంచాన పడేస్తుంది. కాబట్టి ఊళ్లో వినబడే ఒక్కో సలహానూ తీసుకుని, అది ఎక్కడ చెల్లుతుందో ఎక్కడ చెల్లదో చెబుతాను.

"నీవితే పోద్దిలే అన్నా"

పడవ అంచు మీది నుంచి దిగేటప్పుడు పాదం లోపలికి మడతపడుతుంది. చీలమండ బయటి వైపున ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్లు సాగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. దాన్నే బెణుకు అంటాం. చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే కొబ్బరినూనె తెప్పించి, బలమున్న ఒకరిని పిలిచి గట్టిగా నీవిస్తారు. లోపల సన్నటి రక్తనాళాలు తెగి నెత్తురు కారుతున్న సమయం అది. నీవే కొద్దీ నెత్తురు ఎక్కువ కారుతుంది, వాపు పెరుగుతుంది, నల్లగా కమిలిపోతుంది. మొదటి రెండు మూడు రోజులు నీవడమూ వద్దు, వేడినీళ్లూ వద్దు.

ఆ సమయంలో కావలసింది రేవులోనే ఉంది. చేపల పెట్టెల్లో వేసే ఐసును ఒక గుడ్డలో మూటగట్టి పదిహేను, ఇరవై నిమిషాలు ఆనించి తీసేయాలి. రెండు మూడు గంటలకోసారి మళ్లీ పెట్టొచ్చు. ఐసును నేరుగా చర్మానికి తగలనివ్వకూడదు. క్రేప్ బ్యాండేజీ మరీ బిగించకుండా చుట్టి, పడుకున్నప్పుడు కాలి కింద దిండ్లు పెట్టి గుండె కంటే ఎత్తులో ఉంచాలి. వాపు తగ్గుముఖం పట్టాక మాత్రం కాలిని దాచుకోకూడదు. చీలమండను అన్ని వైపులా తిప్పుతూ ఉండాలి. తర్వాత గోడ పట్టుకుని ఆ ఒక్క కాలి మీదే నిలబడడం సాధన చేయాలి. ఈ చివరి పని ఎవరూ చేయరు. అందుకే ఒకసారి బెణికిన కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంది. పడవ ఊగుతుంటే దాని మీద నిలబడి గెడ వేయాల్సిన మనిషికి కాలి నిలకడే ప్రాణం.

దీనికి తోబుట్టువు లాంటి సలహా ఇంకొకటుంది: "నాలుగడుగులు వేసి చూడు, నడవగలిగితే విరగనట్టే." ఇందులో సగం నిజం ఉంది. కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రకటించిన పద్ధతిలోనూ నాలుగడుగుల లెక్క ఉంది. దెబ్బ తగిలిన వెంటనే, మళ్లీ వైద్యుడి దగ్గరా నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయాల్సిందే. అయితే వాళ్లు అక్కడితో ఆగలేదు. నడవగలిగినా సరే, చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా కనబడే ఎముకల కొసను, అక్కడి నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర వాటి వెనక అంచును వేలితో నొక్కి చూడమన్నారు. పాదం బయటి అంచులో చిటికెన వేలి నుంచి వెనక్కి వస్తే మధ్యలో తగిలే బుడిపెను, లోపలి వైపు పాదం వంపుకు పైన ఉండే ఎముకను కూడా నొక్కి చూడాలి. వీటిలో ఎక్కడైనా ఎముక మీదే నొప్పి పుడితే ఎక్స్‌రే అవసరం. ఆ బయటి బుడిపె బెణుకుతో పాటే విరగడం మామూలే, దాంతోనే వారం రోజులు కుంటుతూ తిరిగేవాళ్లూ ఉంటారు. మద్యం మత్తులో ఉన్నవాళ్లకు, షుగరు వల్ల పాదం మొద్దుబారినవాళ్లకు, చిన్నపిల్లలకు ఈ పరీక్ష వర్తించదు.

"ఆసుపత్రి ఎందుకు, పుత్తూరు పోదాం పద"

తిరుపతి జిల్లాలో ఎముక విరిగిందంటే నోటికి వచ్చే మొదటి పేరు పుత్తూరు. 19వ శతాబ్దం చివరి నుంచి అక్కడ రాజుల కుటుంబం తరతరాలుగా కట్టు కడుతోంది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పీలికలతో వేసే ఆ కట్టు కోసం ఇటు రాయలసీమ నుంచి, అటు తమిళనాడు నుంచి జనం వస్తారు. ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. చర్మం చిరగకుండా, ముక్కలు పక్కకు జరగకుండా విరిగిన ఎముకను కదలనివ్వకుండా ఉంచితే అది తనంతట తానే అతుకుతుంది. వెదురు బద్ద చేసే పని అదే, ఆసుపత్రిలో వేసే పిండికట్టు చేసే పనీ అదే. చేతి ఎముకలో సన్నటి చీలిక వచ్చిన మేనమామకు అక్కడ బాగైందంటే అందులో అబద్ధం లేదు.

తప్పు ఎక్కడంటే, మేనమామ చేతికి సరిపోయిన దాన్ని తెచ్చి మోటారుసైకిల్ కింద పడ్డ మేనల్లుడి కాలికి వాడడంలో. మోకాలి కింద ముందు వైపున ఉండే పెద్ద ఎముకను తడిమి చూడండి, చర్మం తప్ప దాని మీద కండ లేదు. అందుకే అది విరిగితే కొన చర్మాన్ని చీల్చుకుని సులువుగా బయటికి వస్తుంది. ఎముక దగ్గర చిన్న గాయం కనబడి నెత్తురు కారుతుంటే, అది గోరంత ఉన్నా సరే, లోపలికి మురికి వెళ్లినట్టే లెక్క. దాని మీద పసరు వేసి కట్టు కడితే చీము ఎముకలోకి చేరుతుంది. ఆ చీము ఏళ్ల తరబడి కారుతూనే ఉండవచ్చు. అలాంటి కాలిని శుభ్రమైన గుడ్డతో కప్పాలి. బయటికి వచ్చిన ఎముకను లోపలికి నెట్టకూడదు. ఒక చెక్కనో గెడ ముక్కనో ఆనించి, విరిగిన చోటికి పైనా కిందా ఉన్న కీళ్లు రెండూ కదలకుండా వదులుగా కట్టి, 108కి ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ఎంత తొందరగా యాంటీబయాటిక్ పడి, గాయం కడిగితే అంత మంచిది.

కీలు లోపలికి చీలిన ఎముకకూ ఆ కట్టు చాలదు. మోకాలు, చీలమండ కీళ్లలో ఎముక అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు మెట్టులా నిలిచిపోయినా, ఆ కీలు కొన్నేళ్లకే అరిగిపోవచ్చు. అది బయటి నుంచి చేతికి తెలియదు, ఎక్స్‌రేకే తెలుస్తుంది. తొడ ఎముక విషయం మరీ ప్రమాదం. అది విరిగితే లోపల్లోపలే లీటరు, అంతకు మించి నెత్తురు పోవచ్చు. అలాంటి మనిషిని కారు వెనక సీట్లో పడుకోబెట్టి దూరప్రయాణం చేయించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

అన్నిటికంటే నేను భయపడేది బిగుతుకు. దెబ్బ తగిలిన తొలి రెండు రోజుల్లో కాలు లోపల వాస్తుంది. పైన కట్టు గట్టిగా ఉంటే ఆ వాపుకు చోటుండదు. కండలోకి నెత్తురు వెళ్లడం ఆగిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటలు గడిస్తే ఆ కండ చచ్చిపోవడం మొదలవుతుంది. పిండికట్టు అయినా, వెదురు కట్టు అయినా ఇది ఒకటే. ముందుగా కనబడే గుర్తు నొప్పి. దెబ్బకు తగ్గట్టు కాకుండా అంతకు మించి, మాత్ర వేసినా తగ్గకుండా, గంట గంటకూ పెరిగే నొప్పి. ఆ కాలి వేళ్లను మీరు మెల్లగా పైకి వంచితే మనిషి కేక పెడతాడు. తర్వాత తిమ్మిరి వస్తుంది. వేళ్లు చల్లబడి పాలిపోయేసరికి చాలా ఆలస్యమైపోయినట్టు. "కట్టు కదా, నొప్పి ఉండకుండా ఎట్టుంటదిరా, ఓర్చుకో" అని పక్కవాళ్లు చెప్పే ఆ మాటకు ఒక కాలు పోవచ్చు. అర్ధరాత్రయినా సరే ఆ కట్టు విప్పించాలి.

పుత్తూరు వెళ్లాలనే పట్టుదల ఉన్నవాళ్లకు నేను చెప్పేదొకటే: ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల వైద్యుడికి చూపించండి. కట్టుతో సరిపోతుందని ఆయన అంటే, అది ఎక్కడ కట్టించుకుంటారన్నది తర్వాతి సంగతి.

"అడుసులో కాలు దిగబడింది, అంతే"

బురదలో పాదం ఇరుక్కుపోతుంది, చేతిలో వల బరువు ఒక పక్కకు లాగుతుంది, నడుము పైభాగం తిరుగుతుంది. పాదం మాత్రం తిరగదు. ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. మోకాలి లోపల రెండు ఎముకల మధ్య మెత్తగా ఉండే నెలవంక ఆకారపు ముక్క, మెనిస్కస్, అలాగే చిరుగుతుంది. ఆ రాత్రికో మర్నాటికో మోకాలు వాస్తుంది. మెట్లు దిగేటప్పుడు లోపల ఏదో అడ్డుపడినట్టు కలుక్కుమంటుంది. "కీలు తప్పింది, సరిచేస్తా" అంటూ మోకాలిని పట్టి గుంజేవాళ్లు ఊరికొకరుంటారు. చిరిగిన ముక్క మడతపడి ఉంటే ఆ గుంజుడుకు ఇంకా చిరుగుతుంది. మోకాలు పూర్తిగా చాచడానికి రాకుండా బిగుసుకుపోతే, దెబ్బ తగిలిన గంట రెండు గంటల్లోనే బాగా ఉబ్బితే, నడుస్తుంటే పక్కకు జారిపోతున్నట్టుంటే వారంలోగా ఎముకల వైద్యుడికి చూపించాలి. అవేవీ లేకపోతే చాలా మోకాళ్లు తొడ కండలకు వ్యాయామం ఇస్తూ పోతే ఆపరేషన్ లేకుండానే సర్దుకుంటాయి.

"ఇటుక కాల్చి జిల్లేడాకు మీద మడమ పెట్టు"

పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమలో సూది దిగినట్టు నొప్పి. పది అడుగులు వేశాక తగ్గుతుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. శ్రీసిటీలో నిలబడి పనిచేసేవాళ్లకూ, బరువు మోసేవాళ్లకూ ఇది బాగా తెలుసు. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా పాదం అడుగున ఒక దళసరి పట్టీ ఉంటుంది. వింటికి నారి కట్టినట్టు అది పాదం వంపును పట్టి ఉంచుతుంది. ఆ పట్టీ మడమకు అంటుకున్న చోట చెడడమే ఈ నొప్పికి కారణం. ఎక్స్‌రేలో మడమ కింద ముల్లులాంటి ఎముక కనబడగానే, "ఎముక పెరిగింది, కోయించుకోవాలి" అని బెదరగొడతారు. అలాంటి ముల్లు ఉండి ఏ నొప్పీ లేనివాళ్లు ఎందరో ఉన్నారు. దాన్ని కోయించుకోవాల్సిన పని సాధారణంగా రాదు.

ఈ నొప్పికి మందు ఓపిక. మంచం దిగకముందే తువ్వాలును పాదం ముందు భాగానికి తగిలించి రెండు చేతులతో మీ వైపు లాక్కోండి. ముప్పై సెకన్లు పట్టి వదలండి, మూడుసార్లు చేయండి. పగలు గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలిని వెనక్కి పెట్టి, మడమ నేలకు ఆనించే ఉంచి ముందుకు వంగితే పిక్క కండ సాగుతుంది. పది మందిలో ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోగా తగ్గిపోతుంది. ఇక కాల్చిన ఇటుక మీద జిల్లేడాకు పరిచి మడమ పెట్టడమనే పాత వైద్యం ఉంది కదా, స్పర్శ సరిగా ఉన్న పాదానికి దానివల్ల కాసేపు హాయిగా ఉంటుంది. ఆ మనిషికి వేడెక్కువైతే తెలుస్తుంది, కాలు తీసేస్తుంది.

షుగరు జబ్బు పదేళ్లుగా ఉన్న పెద్దమ్మకు ఆ వేడి తెలియదు. చర్మం బొబ్బెక్కే దాకా పాదం అలాగే ఉంచుతుంది. పొద్దున బొబ్బ చితికి పుండవుతుంది. రక్తప్రసరణ తగ్గిన పాదంలో పుండు మానదు, వేలు నల్లబడుతుంది, తర్వాత పాదం. వేడినీళ్ల బకెట్టు, హీటింగ్ ప్యాడ్, ఆనెకాయలకు అంటించే మందు పట్టీ, బ్లేడుతో ఆనె కోసుకోవడం, ఇవన్నీ ఆ పాదానికి నిషిద్ధమే. ఆనె పట్టీల్లో ఉండే శాలిసిలిక్ యాసిడ్ గట్టిపడిన చర్మంతో పాటు పక్కనున్న మంచి చర్మాన్నీ తినేస్తుంది.

ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పుల కథ ఇక్కడ చెప్పాలి. మడమ నొప్పి అనగానే దుకాణంలో చేతికిచ్చే ఆ మెత్తటి రబ్బరు చెప్పులు మొదట స్పర్శ పోయిన పాదాల కోసం పుట్టాయి. కుష్ఠువ్యాధి వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లకు పుండ్లు పడకుండా చూడాలని చిత్తూరు పక్కనే ఉన్న వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన తోటివాళ్లు ఆ రబ్బరు చెప్పుల్ని తీర్చిదిద్దారు. మడమ నొప్పి ఉన్నవాళ్లు వేసుకుంటే నష్టం లేదు, కొందరికి సుఖంగానే ఉంటుంది. కానీ అవి ఎవరి కోసం పుట్టాయో ఆ పాదాలున్న షుగరు రోగులు మాత్రం ఇంట్లో వట్టికాళ్లతో, బయట అరిగిన హవాయి చెప్పులతో తిరుగుతుంటారు. వెనక పట్టీ ఉన్న చెప్పులు కావలసింది వాళ్లకు. రోజూ రాత్రి అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోవాల్సిందీ వాళ్లే. మొక్కు ఉందని అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కాలనుకునే షుగరు రోగులు ఎండకు కాలిన రాతిబండల మీద వట్టికాళ్లతో నడవడం గురించి ముందుగా వైద్యుడితో మాట్లాడాలి.

"ముల్లు గుచ్చుకుంటే వేడి పెట్టొద్దు"

వేడి నిజంగా అక్కరకొచ్చే చోట మాత్రం మనవాళ్లు వద్దంటారు. టేకు చేప తోకముల్లు, జెల్ల ముల్లు పాదంలో దిగితే ప్రాణం పోయేంత నొప్పి పుడుతుంది. టేకు విషం వేడికి చెడుతుంది. చేయి పెట్టగలిగినంత వేడి, అంటే 45 డిగ్రీలు దాటని నీళ్లలో ఆ పాదాన్ని అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచితే చాలామందికి నొప్పి దిగుతుంది. నీటి వేడిని దెబ్బ తగలని కాలితోనో పక్కవాళ్ల చేతితోనో చూడాలి, నొప్పిలో ఉన్న పాదానికి వేడి తెలియదు. ముల్లు లోతుగా విరిగిపోతే అక్కడే తవ్వకుండా వైద్యుడి దగ్గరకు వెళ్లండి. టీటీ సూది సంగతీ అడగండి.

ఉప్పూ మంచినీరూ కలిసే వెచ్చటి నీళ్లలో విబ్రియో జాతి సూక్ష్మజీవులు ఉంటాయి. గుల్ల గీసుకున్న చిన్న గాయం నుంచి ఒక్క రోజులోనే కాలంతా ఎర్రగా వాచి, నల్లటి నీటి బొబ్బలు లేచి, జ్వరం వస్తే పసుపు పెట్టి కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాలేయం చెడినవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు అది గంటల్లో ముదురుతుంది. ఇరకం లాంటి దీవిలో ఉన్నవాళ్లు పడవ దాటి ఒడ్డుకు రావాలి కాబట్టి ఇంకా ముందే బయల్దేరాలి.

"గుజ్జు అరిగింది, ఇక నడవొద్దు"

మోకాళ్ల నొప్పులతో వైద్యుడి దగ్గరికి వెళ్లొచ్చిన అత్తలందరూ చెప్పే మాట ఇది. నడిస్తే ఇంకా అరుగుతుందన్న భయంతో ఇంట్లో కూర్చుంటారు. కూర్చుంటే తొడ కండలు కరుగుతాయి, బరువు పెరుగుతుంది. ఇదివరకు కండలు మోసిన భారాన్ని ఇప్పుడు కీలు మోయాలి. అరిగిన మోకాలికి బాగా పనిచేసే మందు తొడ కండల బలమే. కుర్చీలో కూర్చుని కాలిని నిటారుగా చాచి అయిదారు సెకన్లు బిగబట్టి దించడం, పూటకు పది పదిహేనుసార్లు. చదునైన నేల మీద నడక. బరువు ఎక్కువున్నవాళ్లు ఒక్క కిలో తగ్గినా, అడుగు అడుగునా మోకాలి మీద పడే భారం నాలుగు కిలోల మేర తగ్గుతుందని 2005లో అమెరికాలో చేసిన పరిశోధన తేల్చింది. చేతికర్రను నొప్పి ఉన్న వైపు చేత్తో కాక రెండో వైపు చేత్తో పట్టుకోవాలి. చూసినవాళ్లంతా సరిదిద్దబోతారు, వాళ్ల మాట వినకండి.

గుజ్జును మళ్లీ పెంచే మాత్ర ఇప్పటిదాకా లేదు. నెలకు వేలు పోసి కొనే గ్లూకోజమైన్ వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని పెద్ద పరిశోధనలు చెబుతున్నాయి. పేరు, చీటీ లేకుండా పొట్లాల్లో ఇచ్చే పొడి మందుకు మాత్రం అసలు చోటే లేదు. రెండు రోజుల్లో లేచి పరిగెత్తించిందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. అది నెలల తరబడి లోపలికి పోతే ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, తుంటి ఎముక తలకు రక్తం అందక ఆ ఎముకే కుళ్లిపోతుంది. మోకాలి నొప్పికి వెళ్లినవాళ్లు తుంటి పోగొట్టుకుని వస్తారు.

తిరుమల మెట్లు ఎక్కలేమనుకునేవాళ్లకు ఒక్క మాట. ఎక్కడం కంటే దిగడమే మోకాలి చిప్పకు ఎక్కువ భారం. మెట్లెక్కి వెళ్లినవాళ్లు బస్సులో దిగండి.

"తిమ్మిరే, లేచి తిరిగితే పోద్ది"

పీతలు ఏరుతూ, చేపలు తరుగుతూ గొంతుక్కూర్చుని గంటలు గడిపితే మోకాలికి బయటి వైపు కిందుగా, చర్మానికి దగ్గర్లో పోయే నరం నొక్కుకుంటుంది. మామూలు తిమ్మిరి అయితే లేచి అటూ ఇటూ తిరిగితే పోతుంది. పాదాన్ని పైకి ఎత్తలేక, నడిచేటప్పుడు వేళ్లు నేలకు రాసుకుంటుంటే అది తిమ్మిరి కాదు. తొందరగా గుర్తించి, ఆ కూర్చోవడం మాని, పాదానికి పట్టీ వేసుకుంటే చాలామంది నెలల్లో కోలుకుంటారు. మధ్యమధ్య లేవాలి, చిన్న పీట వేసుకోవాలి.

"పప్పు మానెయ్, టమాటా మానెయ్"

అర్ధరాత్రి బొటనవేలి మొదలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తే అది గౌట్ కావచ్చు. మన దగ్గర వెంటనే పప్పు, పాలకూర, టమాటా మాన్పిస్తారు. పన్నెండేళ్ల పాటు వేలమంది మగవాళ్లను గమనించి 2004లో వెలువరించిన పరిశోధనలో మాంసం, చేపలు, రొయ్యల వల్ల గౌట్ ముప్పు పెరిగింది. ప్యూరిన్ ఎక్కువున్న కూరగాయలు, పప్పుల వల్ల పెరగలేదు. పులికాట్ ఒడ్డున కంచంలో ఉండే ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు, పక్కన బీరు, ఇవి కదా తగ్గించాల్సింది! పేదింట్లో పప్పు మాన్పిస్తే ఆ మనిషి కండ పోతుంది, గౌట్ అలాగే ఉంటుంది.

"వయసైంది, కదపకుండా పడుకోబెట్టండి"

అవ్వ రాత్రి దొడ్లోకి వెళ్తూ జారిపడింది. లేవలేకపోతోంది. ఒక కాలు రెండో దానికంటే పొట్టిగా కనబడుతోంది, పాదం బయటికి తిరిగిపోయింది. ఇది తుంటి విరిగిన గుర్తు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచిస్తారు. ఎనభై ఏళ్ల మనిషికి ఆపరేషన్ ఏమిటి, తట్టుకోలేదు, ఉన్నన్నాళ్లు మంచంలోనే చూసుకుందాం అంటారు. ఆ మాట వెనక జాలి ఉంది. అయినా ఈ వ్యాసంలో నేను చెప్పిన సలహాలన్నిటిలో మనుషుల్ని ఎక్కువగా చంపేది ఇదే.

కదలకుండా పడుకున్న ముసలి ఒంటికి వారాల్లో వీపున, పిరుదుల మీద పుండ్లు పడతాయి. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. కాలి సిరల్లో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోతుంది. తుంటి విరిగినవాళ్లకు వయసే ఆపరేషన్ చేయించడానికి కారణం, మానేయడానికి కాదు. వీలైతే 48 గంటల్లోపు ఎముకను బిగించో, తలను మార్చో మర్నాడే కూర్చోబెట్టి, వాకర్‌తో నిలబెట్టడం నేటి వైద్యం. అది దొరక్కపోయినా, ఒప్పుకోకపోయినా కనీసం రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, నొప్పికి మందు ఇవ్వాలి, కూర్చోబెట్టాలి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు ఉందా అని చూసుకోండి. ఆ పథకం 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైనప్పటి నుంచి పేదలకు పెద్ద ఆపరేషన్ల భారాన్ని మోస్తోంది.

"నూనె రాసి లాగితే కాళ్లు తిన్నగా వస్తాయి"

రెండేళ్లలోపు పిల్లలందరికీ కాళ్లు కొద్దిగా బయటికి వంగే ఉంటాయి. మూడు నాలుగేళ్లకు మోకాళ్లు లోపలికి తగులుకుంటాయి. ఏడేళ్లు వచ్చేసరికి వాటంతట అవే సరిపోతాయి. ఇందులో నీవడానికి, లాగడానికి, కాల్షియం సీసాలు తాగించడానికి ఏమీ లేదు. ఆ వయసు దాటినా వంకర ఉన్నా, ఒక కాలికే ఉన్నా, పెరిగేకొద్దీ ఎక్కువవుతున్నా చూపించాలి. డి విటమిన్ లేమితో పాటు తాగేనీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో కూడా పరీక్షించాలి. మన దేశంలో ఫ్లోరైడ్ నీటితో ఎముకలు చెడే జబ్బును వైద్యులు మొదట గుర్తించి 1937లో రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. పులికాట్ ఆంధ్ర భాగం కూడా 2022లో తిరుపతి జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఎక్కువ.

పాదం చదునుగా ఉందని చిన్నపిల్లలకు ఖరీదైన బూట్లు కొనేవాళ్లు ఉన్నారు. 1992లో కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు 2,300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలిస్తే, బూట్లు వేసుకునే పిల్లల్లో 8.6 శాతానికి, వట్టికాళ్లతో తిరిగే పిల్లల్లో 2.8 శాతానికి చదును పాదాలు కనబడ్డాయి. ఇసుకలో ఆడుకునే పిల్లాడిని ఆడుకోనివ్వండి. షుగరున్న తాతకు వద్దని చెప్పిన వట్టికాలి నడక మనవడికి మంచిదే.

పుట్టుకతోనే పాదం లోపలికి, కిందికి మెలితిరిగి ఉంటే మాత్రం ఎదురుచూడకూడదు. వెయ్యిమంది పిల్లల్లో ఒకరికి వస్తుందీ వంకర పాదం. "పెరిగితే అదే సర్దుకుంటుంది" అంటారు, సర్దుకోదు. "గ్రహణం పట్టింది" అని తల్లిని నిందిస్తారు, ఆమె తప్పేమీ లేదు. అమెరికాలోని అయోవాలో డాక్టర్ పోన్సెటీ కనిపెట్టిన పద్ధతిలో పుట్టిన మొదటి వారాల నుంచే వారానికోసారి పాదాన్ని కాస్త కాస్త తిప్పుతూ పిండికట్టు వేస్తారు. అయిదారు కట్లతో చాలా పాదాలు తిన్నగా వస్తాయి, చివర్లో మడమ వెనక ఉండే స్నాయువుకు చిన్న కోత పెడతారు. అసలు కష్టం ఆ తర్వాతే. రెండు బూట్లను కడ్డీతో కలిపిన పట్టీని మొదటి మూడు నెలలు దాదాపు రోజంతా, తర్వాత నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడు వేయాలి. పిల్లాడు ఏడుస్తాడు. నాయనమ్మ మనసు ఆగదు. "పాదం బాగైంది కదమ్మా, ఇంకా ఎందుకా ఇనుము, తీసెయ్" అంటుంది. తిన్నగా వచ్చిన పాదం మళ్లీ మెలితిరగడానికి ముఖ్య కారణం పట్టీ తీసేయడమే. తల్లి ఒక్కతే ఆ మాటకు ఎదురు చెప్పలేదు. అందుకే మొదటిసారి తిరుపతి బర్డ్ ఆసుపత్రికో, మరో ఎముకల ఆసుపత్రికో వెళ్లేటప్పుడు నాయనమ్మను కూడా వెంట తీసుకెళ్లండి. పట్టీ ఎన్నేళ్లు వేయాలో, ఎందుకు వేయాలో ఆ వైద్యుడి నోటితో ఆమె వినాలి.